పశువుల ఆసుపత్రి నైట్రోజన్, నగల కొట్టు లైటు, నా రాగి పొడి

అమలాపురం దగ్గర ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నలభై దాటాక పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. విషయం, వెలిగే రాగి సమ్మేళనాలు. కంటికి కనబడని అతినీలలోహిత కాంతి పడితే పసుపో నీలమో చిమ్ముతాయవి. మా గైడుగారు మొదటిరోజే ఒక షరతు పెట్టారు. "కొత్తవి తర్వాత చేద్దురుగాని. ముందు లోకమంతా చేసినదాన్ని మీరూ చేసి చూపించండి."

లోకమంతా చేసినది అంటే రాగి అయొడైడ్‌కి పిరిడిన్ అనే కంపుకొట్టే ద్రవం కలిపితే వచ్చేది. నాలుగు రాగి పరమాణువులు, నాలుగు అయొడిన్ పరమాణువులు చిన్న పెట్టె మూలల్లో ఒకటి విడిచి ఒకటి కూర్చుంటాయి. ఒక్కో రాగికి బయటివైపు ఒక పిరిడిన్. గదిలో యూవీ లైటు వేస్తే పసుపు వెలుగు. ద్రవ నైట్రోజన్‌లో, అంటే మైనస్ 196 డిగ్రీల్లో ముంచితే అదే పొడి నీలంగా వెలుగుతుంది. 1970ల నుంచీ తెలిసిన సంగతే. దాన్ని నా కళ్ళతో నేను చూడడానికి ఏడాదిన్నర పట్టింది.

రాగి అయొడైడ్ సీసా కొనుక్కోవచ్చు. కానీ కాలేజీలో కొనుగోలు ఫైలు ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. నేనే చేసుకుందామనుకున్నాను. దానికి కావలసిన మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, మాకేమీ కొత్త కాదు. కొబ్బరికి మొవ్వుకుళ్ళు వస్తే నాన్న సున్నంతో కలిపి బోర్డో మిశ్రమం కొట్టేవారు. అటక మీద పాత పొట్లం దొరికింది. నీళ్ళలో కరిగించి పొటాషియం అయొడైడ్ పోస్తే వరదలో గోదారిలా గోధుమరంగుకి తిరిగింది. తెలియని పిల్లలైతే పాడైందని పారబోస్తారు. నిజానికి అలాగే కావాలి. సగం అయొడైడ్ తన ఎలక్ట్రాన్‌ను రాగికిచ్చి అయొడిన్‌గా బయటపడుతుంది, ఆ రంగు దానిదే. హైపో (సోడియం థయోసల్ఫేట్) ద్రావణంతో కడిగితే రంగు పోయి తెల్లటి పొడి మిగలాలి. నాకు మిగిలింది తెలుపు కాదు, పాత పంచె రంగు. పిరిడిన్ వేసి చూస్తే కిరసనాయిలు అయిపోయిన గుడ్డిదీపంలా వెలిగింది. ఆ తుత్తంలో అన్నభేది, అంటే ఇనుప సల్ఫేట్, కలిసి ఉంటుందని నా అనుమానం. ఇనుము కాస్త చేరినా ఇలాంటి వెలుగును మింగేస్తుంది.

ల్యాబ్ సీసాలోని కాపర్ సల్ఫేట్‌తో మళ్ళీ మొదలుపెట్టాను. వచ్చిన పొడిని చిక్కటి పొటాషియం అయొడైడ్ ద్రావణంలో కరిగించి, వడకట్టి, నీళ్ళు పోసి తిరిగి తేర్చుకుంటే ఈసారి సున్నంలా తెల్లగా దిగింది. సంగతి చెబితే నాన్న మొహం ముడుచుకున్నారు. "చెట్టుకి పనికొచ్చింది నీకు పనికి రాలేదా?"

పిరిడిన్ గురించి ఎంత తక్కువ చెబితే అంత మంచిది. మా ల్యాబ్‌లో ఆవిర్లను బయటికి లాగేసే ఫ్యూమ్ హుడ్ ఉంది, దాని ఫ్యాన్ తిరగదు. సాయంత్రం నాలుగు దాటాక వెనక వరండాలో చేసేవాణ్ణి. మొదటిరోజే కామర్స్ వాళ్ళ గది కిటికీలు టపటపా మూసుకున్నాయి. "ఎవరిదో రొయ్యల చెరువు పోయిందనుకుంటన్నారండి మేష్టారూ" అన్నాడు మా అటెండరు.

ఇక లైటు. ఆన్‌లైన్‌లో కొన్న చవక యూవీ టార్చి ఊదారంగు వెలుగే ఎక్కువ ఇచ్చింది, నా పొడి దానికి పలకలేదు. నాకు కావలసింది 365 నానోమీటర్ల ట్యూబు. దొంగనోట్లు పట్టుకునే పాత పెట్టెల్లో అదే ఉంటుందని గుర్తొచ్చి, తెలిసిన నగల కొట్టు షావుకారుగారిని అడిగాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "వారంలో ఇచ్చేయాలండి మరి" అని ఇచ్చారు.

ఆ రాత్రి దాని కింద పెట్టగానే పొడి నీలంగా మెరిసింది. ఎంత అందమైన నీలమో! ఫొటో తీసి గైడుగారికి పంపాను. రెండు నిమిషాల్లో జవాబొచ్చింది. "గదిలోనే నీలమా? అయితే అది ఇది కాదు."

అవే ముడిసరుకుల నుంచి ఇంకొకటి కూడా వస్తుంది. రాగి, అయొడిన్ పెట్టెలా ముడుచుకోకుండా మెట్ల వరసలా సాగిపోయిన గొలుసు. పాళ్ళు రెండింట్లోనూ ఒకటే, కాబట్టి కార్బన్, నైట్రోజన్ శాతాలు కట్టినా తేడా దొరకదు. గది వేడిలో పెట్టె పసుపు, గొలుసు నీలం. మా డిపార్ట్‌మెంట్ గోడ మీద యల్లాప్రగడ సుబ్బారావుగారి ఫొటో ఉంది, 1895లో భీమవరంలో పుట్టినాయన. సహచర శాస్త్రవేత్త ఫిస్కేతో కలిసి 1925లో ఆయన ప్రకటించిన పద్ధతిలో ఫాస్ఫరస్‌ని పట్టిచ్చేది మాలిబ్డినం నీలమే. నా నీలం తప్పని తేలిన మర్నాడు నేను ఆ ఫొటో వైపు చూడలేదు.

పాళ్ళు మార్చి, పోసే వేగం మార్చి ఆరుసార్లు చేశాను. ఏడోది పసుపుగా వెలిగింది.

మిగిలింది ముంచడం. ఈ రంగు మార్పు ఎందుకో పిల్లలకు నేను కాలవల్లో పడవల్ని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దించే లాకులతో పోల్చి చెబుతాను. కాంతి తగిలిన ఎలక్ట్రాన్ పైకి వెళ్తుంది. అక్కడ రెండు మట్టాలున్నాయి. ఎగువ మట్టం నుంచి దిగితే నీలం, దిగువ మట్టం నుంచి దిగితే పసుపు. ఎగువ నుంచి దిగువకు రావాలంటే ఆ నాలుగు రాగులూ ఇంకా దగ్గరికి ముడుచుకోవాలి. మామూలుగా వాటి మధ్య దూరం 2.7 ఆంగ్‌స్ట్రామ్‌లు. వేడి ఉన్నంతసేపూ లాకు తలుపులు తీసే ఉంటాయి, పడవ దిగువకొచ్చేస్తుంది. చలికి అణువు బిగుసుకుపోతే తలుపులు పడి, పడవ ఎగువనే ఆగుతుంది. ఈ పోలికలో లోపాలున్నాయని గైడుగారంటారు. ఉన్నాయి. కానీ మా పిల్లలు లాకుల పక్కన పెరిగినవాళ్ళు.

ద్రవ నైట్రోజన్ మా చుట్టుపక్కల ఏ కాలేజీలోనూ లేదు. ఓరోజు పక్కింటాయన "ఆవు ఎదకొచ్చిందండి, సూది వేయించాలి" అంటుంటే వెలిగింది. ఆ వీర్యం స్ట్రాలు దాచేది దాన్లోనే కదా! ద్రాక్షారామం వైపు పశువుల డాక్టరుగా ఉన్న నా ఇంటర్ క్లాస్‌మేట్‌కి ఫోన్ చేశాను.

"నైట్రోజనా? ఆవుని కొన్నావేంట్రా?"

చెప్పాను. నవ్వడం ఆపాక, క్యాన్లు నింపే బండి వచ్చే రోజున రమ్మన్నాడు. పాత్రలో మట్టం తగ్గితే స్ట్రాలు పాడవుతాయి, కాబట్టి నిండిన రోజునే కొంచెం ఇవ్వగలడు. లీటరు స్టీలు ఫ్లాస్కు పట్టుకెళ్ళాను. మూత బిగించకూడదు, లోపల మరిగే వాయువుకి దారి లేకపోతే ఫ్లాస్కే పేలుతుంది. వదులుగా దూది పెట్టి, స్కూటర్ మీద కాళ్ళ మధ్య నిలబెట్టుకుని కోటిపల్లి రేవుకొచ్చాను. పంటు మీద దూది సందులోంచి తెల్లటి పొగ కారుతుంటే, గడ్డిమోపు వేసుకున్న పెద్దాయన వెనక్కి జరిగాడు.

"ఏటండీ అది, పొగలొస్తన్నాయి?"

"చలండి."

ఆయన నమ్మలేదు. ముక్తేశ్వరంలో దిగేదాకా ఎవరూ నా దగ్గరికి రాలేదు, నాకూ అదే కావలసింది.

స్టోర్‌రూమ్ కిటికీలకు గోనెసంచులు కట్టాం. అటెండరు, ఫైనలియర్ పిల్లలు నలుగురు, నేను. టెస్ట్‌ట్యూబులో పొడి పసుపుగా వెలుగుతోంది. ఫ్లాస్కులోకి దించి, బుసబుస ఆగాక పైకి తీసి లైటు కింద పెట్టాను. నీలం. ఎవరూ మాట్లాడలేదు. కొద్ది సెకన్లలో గాజు మీద మంచు పట్టింది. ఆ మంచు వెనక నీలం వెలిసిపోతూ, ఏ రంగో చెప్పలేని ఒక క్షణం దాటి, పసుపు తిరిగొచ్చింది. "మళ్ళీ ముంచండి సార్" అందొకమ్మాయి. నైట్రోజన్ అయిపోయేదాకా ముంచుతూనే ఉన్నాం. ఒక్క ఫొటో కూడా తీయలేదని చీకటి పడ్డాక గుర్తొచ్చింది.

స్పెక్ట్రమ్ కోసం, అంటే ఏ రంగు ఎంత వెలుగుతుందో చూపే గీత కోసం, దూరంగా ఉన్న ఒక సంస్థకు నమూనా పంపి, డబ్బు కట్టి, నాలుగు నెలలు ఎదురుచూశాను. గీత వచ్చింది. శిఖరం 580 నానోమీటర్ల దగ్గర, ఉండాల్సిన చోటే. గైడుగారు "ఊఁ, ఇక మీవి మొదలుపెట్టండి" అన్నారు. పిరిడిన్ స్థానంలో వేరేది పెట్టి నేను చేసిన మొదటి సొంత సమ్మేళనం ఎంత చలిలో ముంచినా పసుపుగానే ఉండిపోతోంది. ఆ తలుపు ఎందుకు పడటం లేదో చూడాలి.

షావుకారుగారి లైటు ఇంకా నా దగ్గరే ఉంది.