నిచ్చెన మీద ఎన్నో మెట్టు?

కాగితం మీద పది మెట్ల నిచ్చెన గీయండి. పైమెట్టు మీద డబ్బూ చదువూ మంచి ఉద్యోగాలూ ఉన్నవాళ్లు, అట్టడుగున ఇవేవీ లేనివాళ్లు. మీ ఇల్లు ఎన్నో మెట్టు మీద ఉందో చూపించమని పద్నాలుగేళ్ల పిల్లని అడగండి. ఇంటి ఆదాయం ఎంతంటే ఆ వయసులో చాలామంది చెప్పలేరు గానీ, మెట్టు మాత్రం చూపిస్తారు. పరిశోధకులు పిల్లల కోసం రెండో నిచ్చెన కూడా పెట్టారు: బడిలో తోటివాళ్ల మధ్య నీ చోటు ఎక్కడ? రెండూ అడగాలి, ఎందుకంటే రెండు జవాబులూ ఒకటే కానక్కర్లేదు.

ఇంగ్లండ్, వేల్స్‌లలో 1994–95లో పుట్టిన 2,232 మంది కవలల మీద జరిగిన అధ్యయనంలో మొదటి నిచ్చెన ప్రశ్న వేశారు. ఒకే ఇల్లు, ఒకే ఆదాయం, అయినా చూపిన మెట్లు వేరు. 18 ఏళ్లకి వచ్చేసరికి, తన కవల కంటే కింది మెట్టు చూపినవాళ్లలో దిగులు, ఆందోళన ఎక్కువ కనిపించాయి. 12 ఏళ్లప్పుడు చూపిన మెట్టుకి అంత గట్టి సంబంధం దొరకలేదు. పోల్చుకోవడం మనసుని పట్టేది 12కీ 18కీ మధ్య ఏళ్లలోనే అని నా అభిప్రాయం.

అలాగని ఇదంతా ఊహే, డబ్బుతో పనిలేదు అనుకుంటే పెద్ద పొరపాటు. అమెరికాలోని నార్త్ కరొలైనాలో 1993 నుంచి 1,420 మంది పిల్లల్ని గమనిస్తుండగా, మధ్యలో అక్కడి చెరోకీ అనే ఆదివాసీ తెగవారి భూమిలో క్యాసినో (జూదశాల) తెరిచారు. లాభంలో వాటా తెగలోని ప్రతి కుటుంబానికీ అందింది, అవసరం నిరూపించుకోమని ఎవరినీ అడగలేదు. పేదరికం నుంచి బయటపడ్డ ఇళ్ల పిల్లల్లో మొండితనం, దుడుకు ప్రవర్తన తగ్గి, ఎప్పుడూ పేదరికం చూడని పిల్లల స్థాయికి వచ్చాయి. దిగులు, ఆందోళన మాత్రం అప్పటికి పెద్దగా కదల్లేదు. దుడుకు తగ్గడానికి ముఖ్య కారణంగా తేలింది ఏమిటంటే, తల్లిదండ్రులకి పిల్లల్ని కనిపెట్టుకునే తీరిక దొరకడం. చేతిలో డబ్బాడనప్పుడు ముందు పోయేది ఆ తీరికే. తర్వాత పెద్దవాళ్ల మధ్య కీచులాట, ఆ చిరాకంతా పిల్లల మీదికి.

డబ్బు ఎలా ఇచ్చామన్నది కూడా ఎంత ఇచ్చామన్నంత ముఖ్యం. ఆఫ్రికాలోని మలావీలో 2008–09లో బడికెళ్లే అమ్మాయిలకి కొంత, వాళ్ల తల్లిదండ్రులకి కొంత నగదు ఇచ్చారు. షరతులేమీ లేనిచోట అమ్మాయిల మనోవేదన బాగా తగ్గింది. అమ్మాయి హాజరు మీదే డబ్బు వస్తుందని షరతు పెట్టిన చోట, తల్లిదండ్రుల వాటా పెరిగేకొద్దీ ఆ మేలు కరిగిపోయింది. ఇల్లు గడిచే భారం పిల్ల భుజం మీద పడిందన్నమాట. పథకం ఆగాక మేలు కూడా నిలవలేదు.

బడిలో చేయగలిగింది చాలా ఉంది. హాజరుపట్టీ తీసి, ఫీజు, టూరు, పుట్టినరోజు వేడుక అంటూ డబ్బు ప్రస్తావన వచ్చిన తేదీల పక్కన పెట్టి చూడండి. ఆ రోజుల్లోనే కడుపునొప్పి అని మానేసే పిల్లలు బయటపడతారు. బాకీ పేర్లు క్లాసులో చదవకూడదు. ఉచిత సాయానికి వేరే లైను, వేరే రంగు కార్డు ఉండకూడదు. అలా ఉంటే, అవసరం ఉన్నవాళ్లే ముందు వదులుకుంటారు.

దిగులు కొలవడానికి గత రెండు వారాల గురించిన తొమ్మిది ప్రశ్నల పట్టిక వాడతారు. ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27. 10 గానీ ఆపైన గానీ వస్తే వివరంగా మాట్లాడాలి, అంతేగానీ జబ్బని ముద్ర వేయకూడదు. రాత్రి పనికెళ్లే కుర్రాడికి నిద్ర, నీరసం ప్రశ్నల్లోనే మార్కులు పెరుగుతాయి, కాబట్టి ముందు అతని దినచర్య అడగాలి. ఈ వయసులో దిగులు తరచు ఏడుపులా కాక చిరాకులా కనిపిస్తుంది, దాన్ని పొగరనుకుని శిక్షించడం మామూలైపోయింది.

తొమ్మిదో ప్రశ్న చావు ఆలోచనల గురించి. మొత్తం తక్కువే వచ్చినా, అక్కడ సున్నా కాకుండా ఏముందో ముందు చూడాలి. సున్నా కాకపోతే కాగితం ఫైల్లో పెట్టేయకుండా, ఆ రోజే విడిగా కూర్చోబెట్టుకుని సూటిగా అడగాలి. బాధ్యత తీసుకునే పెద్దవాళ్లు వచ్చేదాకా పిల్లని ఒంటరిగా పంపకూడదు.