మా మండువాకి వెలుతురు గొడుగు

విజయనగరంలో మా తాతగారిది మండువా ఇల్లు. నడిమధ్యన నాలుగడుగుల చదరం ఖాళీలోంచి వెలుతురుతో పాటు వాన, కోతులు కూడా దిగేవి. రేకు కప్పిద్దామంటే నాయనమ్మ ఒప్పుకోలేదు. "చీకట్లో బియ్యంలో రాళ్లెలా ఏరను నాయనా?" అంది. ఆర్కిటెక్చర్ చదివినవాణ్ణి కాబట్టి ఆ పని నా మీదే పడింది.

3 మిల్లీమీటర్ల పాలికార్బనేట్ (వెలుతురు దూరే గట్టి ప్లాస్టిక్) షీటుని బోర్లించిన మూకుడులా చేద్దామనుకున్నాను. ఒకవైపే వంపయితే చల్లగా ఉండగానే వంచి బిగించెయ్యొచ్చు. మూకుడు అన్నివైపులా వంగాలి, వేడి తప్పదు. ఆస్ట్రియాలోని గ్రాట్స్‌లో 2003లో తెరిచిన కున్‌స్ట్‌హౌస్ మ్యూజియం నీలి పైకప్పుకి యాక్రిలిక్ ప్లాస్టిక్ పలకల్ని ఇలాగే వేడితో వంచారు. కాలేజీలో ఆ ఫొటో చూసినప్పటి నుంచీ నాకు ఆ కోరిక ఉంది.

వడ్రంగి చెక్క అచ్చు చేసిచ్చాడు, దాని మీద మెత్తటి బట్ట అంటించాం. ఓవెన్ కోసం ఒక పౌడర్ కోటింగ్ షెడ్డులో (ఇనప సామాన్లకి రంగు పొడి చల్లి ఓవెన్‌లో కాల్చే చోటు) బతిమాలుకున్నాను. షీటుని ఇనప ఫ్రేములో బిగించి లోపల పెట్టాం. అది మెత్తబడేసరికి సోడా పొంగినట్టు షీటంతా బుడగలు! వేడి తగ్గించి రెండోది పెడితే అది సరిగ్గా సాగనే లేదు, బుడగలూ పోలేదు. రెండు షీట్ల డబ్బు పోయింది. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

మర్నాడు షెడ్డులో పెద్దాయన అసలు సంగతి పట్టుకున్నాడు. "వానాకాలం కదా బాబూ. మా పౌడరే చెమ్మకి ముద్ద కట్టేస్తాది. నీ షీటు మాత్రం చెమ్మ తాగదేటి?"

నిజమే. పాలికార్బనేట్ గాలిలో చెమ్మని పీల్చుకుంటుంది, వేడెక్కితే అదే ఆవిరై బుడగలౌతుంది. మూడో షీటుకి గీతలు పడకుండా అంటించిన పైపొర ఊడదీసి, 125 డిగ్రీల దగ్గర నాలుగు గంటలు ఆరబెట్టాం. పైపొర తీసేస్తే ఎండకి తట్టుకునే వైపేదో తెలియదు, అందుకని ముందే మూలన గుర్తు గీసుకున్నాను.

తర్వాత వేడి 170కి పెంచాం. షీటు నడుమన నెమ్మదిగా, తడిసిన పంచెలా దిగింది. ఒక్క బుడగ లేదు! గ్లవ్స్ తొడుక్కుని ఇద్దరం ఫ్రేము పట్టుకుని అచ్చు మీదికి లాగాం. చూస్తుండగానే గట్టిపడిపోయింది.

ఎండకి షీటు మీటరుకి రెండు మిల్లీమీటర్లకు పైనే పెరుగుతుంది కాబట్టి బోల్టు రంధ్రాలు వదులుగా పెట్టి, కింద రబ్బరు వాషర్లు వేశాను. గాలాడేలా చుట్టూ నాలుగు వేళ్ల సందు వదిలి, కోతులు దూరకుండా వలకట్టాను.

మొన్న కుండపోత కురుస్తుంటే నాయనమ్మ మండువాలోనే చేట పెట్టుకుని కూర్చుంది, రాళ్లేరుతూ.