నెగ్గిన మా చిన్నాన్న మీద మళ్ళీ అప్పీలు

మొన్న మా ఊరి వాట్సాప్ గ్రూపులో ఒకాయన మా చిన్నాన్నని దేశద్రోహి అనేశాడు. ఎందుకంటే జూలై 26 కార్గిల్ దివస్ కి మండలంలో మాజీ సైనికులకి సన్మానం పెట్టారు, చిన్నాన్న పేరు పిలిస్తే ఆయన కర్ర సాయంతో స్టేజీ ఎక్కి మైకు అడిగి తీసుకుని "శాలువా వద్దు బాబూ, నా మీద వేసిన అప్పీలు వెనక్కి తీసుకోమని మీ ప్రభుత్వానికి చెప్పండి, అదే నాకు సన్మానం" అని దిగిపోయాడు. ట్రిబ్యునల్ లో ఆయన నెగ్గిన డిసేబిలిటీ పెన్షన్ మీద ప్రభుత్వం వేసిన అప్పీలు అది. అంతే. దానికి గ్రూపులో దేశద్రోహి. కొంతమంది దానికి బొటనవేలు లైకులు కూడా కొట్టారు, వాళ్ళలో మా చుట్టాలూ ఉన్నారు. గ్రూపులోనే జవాబు రాద్దామని కూర్చున్నాను గానీ రాస్తుంటే పెరిగిపోతా వచ్చింది, అందుకని ఇక్కడ పెడుతున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లాలో పలాసకీ మందసకీ మధ్యలో ఊరు, ఉద్దానం ప్రాంతం. మా వైపు ఇంటర్ అయిన కుర్రాడి ముందు ఉండే దారులు తక్కువ, ఉన్న కాస్త కొబ్బరీ జీడీ తోట చూసుకోవడమో, వలసెళ్ళిపోవడమో, లేకపోతే మిలిటరీ. అందుకే తెల్లారగట్ల హైవే పక్కన పరిగెత్తే పిల్లలు మీకు ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా కనిపిస్తారు. చిన్నాన్న కూడా అలా పరిగెత్తినోడే. తొంభైల మధ్యలో ర్యాలీలో సెలెక్ట్ అయ్యాడు, 1.6 కిలోమీటర్ల పరుగు, ఛాతీ 5 సెంటీమీటర్లు ఉబ్బించడం, ఆ తర్వాత డాక్టర్లు కంటి దగ్గర్నుంచి పాదం దాకా చూసి ఫిట్ అని రాశారు. ఈ ఫిట్ అన్న కాగితం గుర్తుపెట్టుకోండి, కథంతా దాని మీదే నడుస్తుంది.

కాశ్మీర్ లో పోస్టింగ్ లో ఉండగా చలికాలంలో కాన్వాయ్ లో వెళ్తున్న గాడీ మంచు మీద జారి లోయలోకి పడింది. తలకి దెబ్బ, కుట్లు, కుడి మోకాలు నుజ్జు. మిలిటరీ హాస్పిటల్లో బాగానే చూశారు, ఆ మాట చిన్నాన్నే చెప్తాడు. కోలుకుని మళ్ళీ లైట్ డ్యూటీలో చేరాడు. కొన్ని నెలలకి రాత్రి సెంట్రీ డ్యూటీలో నిలబడి ఉండగా మొదటిసారి ఫిట్స్ వచ్చి పడిపోయాడు. తర్వాత మళ్ళీ మళ్ళీ వచ్చాయి. ఆరోగ్యం తగ్గినవాళ్ళని పెట్టే లో మెడికల్ కేటగిరీలో పెట్టారు, చివరికి 2003లో బోర్డ్ అవుట్ చేసేశారు, అంటే మెడికల్ బోర్డు పనికిరాడని తేల్చి ఇంటికి పంపేసింది, అప్పటికి సర్వీసు ఇంకా పదేళ్ళు నిండలేదు.

మెడికల్ బోర్డు కాగితంలో మోకాలికి 20 శాతం కంటే తక్కువ వేశారు. ఫిట్స్ ఏమో సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు, ఒంట్లోనే ఉన్న జబ్బు అని రాసేశారు. తల పగిలింది ఎక్కడ, ఆ తర్వాతే ఫిట్స్ ఎందుకొచ్చాయి, దాని గురించి ఒక్క ముక్క లేదు.

తెలియనివాళ్ళ కోసం చెప్తాను, ఆ ఒక్క లైను వల్ల మనిషి జీవితం ఏమవుతుందో. జవానుకి మామూలు పెన్షన్ రావాలంటే 15 ఏళ్ళ సర్వీసుండాలి. ఆరోగ్యం పాడై మధ్యలో పంపేస్తే ఇన్వాలిడ్ పెన్షన్ కి కనీసం 10 ఏళ్ళుండాలి. ఈ రెండూ లేనివాడికి మిగిలింది డిసేబిలిటీ పెన్షన్ ఒక్కటే, అది రావాలంటే దెబ్బో జబ్బో సర్వీసు వల్లే అని బోర్డు ఒప్పుకోవాలి, శాతం 20 తగ్గకూడదు. ఒప్పుకోకపోతే చేతిలో కాస్త గ్రాట్యుటీ పెట్టి రైలెక్కిస్తారు. పెన్షన్ లేదు కాబట్టి మాజీ సైనికులకి వైద్యం ఇచ్చే ఈసీహెచ్ఎస్ కార్డు కూడా లేదు. అంటే దెబ్బ తగిలింది ఆర్మీలో, మందులు మాత్రం సొంత డబ్బులతో. 2020 జూలైలో ఒక ఆర్డర్ ఇచ్చారు, పదేళ్ళ లోపు సర్వీసున్నా ఇన్వాలిడ్ పెన్షన్ ఇస్తామని. బాగుంది కదా అనుకుంటే 2019 జనవరి 4 నాటికి సర్వీసులో ఉన్నవాళ్ళకీ, ఆ తర్వాతి వాళ్ళకీ మాత్రమే అట. అంతకు ముందు విరిగిన కాళ్ళు కాళ్ళు కావా?

ఫిట్స్ ఉన్న మనిషికి పని ఎవరిస్తారు. మాజీ సైనికులు అందరూ చేసే బ్యాంకు సెక్యూరిటీ గార్డు ఉద్యోగం ఇవ్వలేదు, డ్రైవింగ్ కుదరదు, కొబ్బరి చెట్టు ఎక్కనివ్వరు, నూతి దగ్గరకి ఒక్కణ్ణీ పంపరు. చిన్నమ్మ పలాసలో జీడి పిక్కలు కొట్టే పనికి వెళ్ళేది, ఆ రసానికి వేళ్ళు పొక్కిపోయి నల్లగా అయిపోయేవి, మా ఇంటికొస్తే చేతులు చీర కొంగు కింద దాచుకునేది. ఆ డబ్బుతోనే విశాఖ కేజీహెచ్ కి తీసుకెళ్ళి చూపించేది, మాత్రలు కొనేది. 2018 అక్టోబర్ లో తిత్లీ తుఫానుకి మా అందరివీ పోయినట్టే వాళ్ళ కొబ్బరి చెట్లూ పోయాయి. ఆ ఇంట్లో ఒక్క పూట కూడా మిలిటరీని తిట్టిన మాట నేను వినలేదు.

ఇదే నేను గ్రూపులో వాళ్ళకి చెప్పాలనుకున్నది. చిన్నాన్న ఇన్నేళ్ళూ ప్రభుత్వాన్ని వెనకేసుకొచ్చాడు. పెన్షన్ కోసం తను పెట్టుకున్న రెండు అప్పీళ్ళూ తిరగ్గొట్టినప్పుడు "కాగితం ఎక్కడో తప్పు చేతిలోకి ఎల్లిపోయుంటాదిరా, సర్కారు కావాలని అలాగ చెయ్యదు" అన్నాడు. ప్రమాదం మీద జరిగిన ఎంక్వైరీ కాగితాలు అడిగితే గడువు దాటిపోయింది, నాశనం చేసేశాం అని జవాబొచ్చినప్పుడూ అదే మాట. 2015లో వన్ ర్యాంక్ వన్ పెన్షన్ కోసం, అంటే ఒకే ర్యాంకు ఒకే సర్వీసు ఉన్నవాళ్ళకి ఎప్పుడు రిటైరైనా ఒకే పెన్షన్ కోసం, జంతర్ మంతర్ దగ్గర కూర్చున్న ముసలి సైనికుల్ని ఆగస్టు 14న, స్వాతంత్ర్య దినానికి ముందు రోజు, పోలీసులు లాగి పడేస్తుంటే టీవీలో చూశాం ఇద్దరం. నేను ఊగిపోతున్నాను, ఆయన మాత్రం "పోలీసులది తప్పు, పైవాళ్ళకి తెలిసుండదు" అన్నాడు. నాకు ఆయన మీదే కోపమొచ్చింది ఆ రోజు.

తర్వాత ఎప్పుడో ఆయన బ్యాచ్ వాళ్ళ గ్రూపులో సుప్రీంకోర్టు తీర్పు ఒకటి తిరిగింది. 2013లో ధరమ్‌వీర్ సింగ్ కేసు. ఆయనకీ ఫిట్సే, ఆయన్నీ అలాగే పంపేశారు. కోర్టు చాలా సూటిగా చెప్పింది, చేర్చుకునేటప్పుడు ఫిట్ అని మీరే రాసుకున్నారు, అప్పుడు ఏ జబ్బూ నమోదు చెయ్యలేదు, కాబట్టి తర్వాత వచ్చింది సర్వీసులో వచ్చిందే అనుకోవాలి, కాదని రుజువు చెయ్యాల్సింది మీరు గానీ జవాను కాదు అని. 2014లో సుఖ్‌విందర్ సింగ్ కేసులో ఇంకో మెట్టు ఎక్కి, మీరు ఒకణ్ణి ఆరోగ్యం బాలేదని బయటకి పంపారంటే వాడి వైకల్యం 20 శాతం పైనే ఉన్నట్టు లెక్క అంది. న్యాయమే కదా, ఉద్యోగానికి పనికిరానంత దెబ్బ, పెన్షన్ కి వచ్చేసరికి చిన్న దెబ్బ ఎలా అవుతుంది?

ఈ రెండూ పట్టుకుని సైనికుల కేసులు చూసే సాయుధ దళాల ట్రిబ్యునల్ కి వెళ్ళాం. మనకి బెంచ్ చెన్నైలో. పలాసలో రైలెక్కి, దారిలో ఫిట్స్ వస్తాయేమో అని చిన్నమ్మ కింద బెర్తులో ఆయన పక్కనే కూర్చుని తెల్లవార్లూ మేలుకుని, అలా చాలాసార్లు వెళ్ళాం. నెగ్గాడు. ఆర్డర్ లో 20 శాతాన్ని రూలు ప్రకారం 50కి రౌండ్ చేసి ఇమ్మన్నారు. బకాయిలు మాత్రం కేసు వేసిన తేదీకి ముందు 3 ఏళ్ళకే, అంతకు ముందువి పోయినట్టే, అది కూడా సుప్రీంకోర్టు పెట్టిన లెక్కే. అయినా ఆయన సంతోషంగానే ఒప్పుకున్నాడు. అందరం అరసవల్లి వెళ్ళి మొక్కు తీర్చుకొచ్చాం.

ఆ తర్వాత లాయరు ఫోన్ చేశాడు, ఆర్డర్ మీద ప్రభుత్వం పైకోర్టుకి వెళ్ళింది అని.

చిన్నాన్న మారింది అక్కడ. తిండి లేనప్పుడు మారలేదు, చిన్నమ్మ చేతులు కాలినప్పుడు మారలేదు. ఆ రోజు నాతో అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఇన్నేళ్ళూ నన్ను మర్సిపోనారు అనుకున్నానురా. దేశంలో ఇంతమంది, ఒకడు మర్సిపోతే పోనీ అనుకున్నాను. మర్సిపోలేదు. బాగా గుర్తుంది ఆలకి. డబ్బులిచ్చి లాయర్ని పెట్టి మరీ ఈడికి ఇవ్వొద్దు అంటన్నారు. నెగ్గినోడి మీదకి మళ్ళీ వస్తారేట్రా?"

దానికి నా దగ్గర జవాబు లేదు, ఇప్పటికీ లేదు. ఇది మా ఒక్క ఇంటి సంగతైతే ఖర్మ అనుకుందుము. 2015లో మనోహర్ పారికర్ రక్షణ మంత్రిగా ఉండగా వేసిన నిపుణుల కమిటీయే చెప్పింది, వైకల్యం ఉన్న సైనికుల మీద ఈ అప్పీళ్ళు తగ్గించండి అని. తగ్గాయా? 2024 డిసెంబర్ లో సుప్రీంకోర్టు, కాశ్మీర్ లో పెట్రోలింగ్ చేస్తూ చనిపోయిన జవాను భార్యకి ట్రిబ్యునల్ ఇచ్చిన పెన్షన్ మీద అప్పీలు వేసినందుకు, ఆవిడకి 50 వేలు కట్టమని ప్రభుత్వానికే జరిమానా వేసింది. ఆవిణ్ణి కోర్టుకి లాగకుండా ఉండాల్సింది అంది. ఇంకేం చెప్పాలి కోర్టు?

కొంతమంది పెద్ద ఆఫీసర్లు రిటైర్మెంట్ దగ్గర పడ్డాక బీపీ షుగర్ చూపించి డిసేబిలిటీ తీసుకుంటున్నారు, దుర్వినియోగం ఆపాలి అని ఒక వాదన ఉంది. ఉంటే వాళ్ళని పట్టుకోండి, ఎవరొద్దన్నారు. ఆ పేరు చెప్పి లోయలో పడ్డ జవాన్ని ఇరవై ఏళ్ళు తిప్పడం ఏం న్యాయం?

చిన్నాన్నకి ఆర్మీ మీద కోపం లేదు, అది కూడా చెప్పాలి. పాత సుబేదార్ సాబ్ ఫోన్ చేస్తే ఈ రోజుకీ లేచి నిలబడి మాట్లాడతాడు. కోపమంతా కుర్చీల్లో ఉన్నవాళ్ళ మీద, జవాను పేరు చెప్పి ఓట్లడిగి అదే జవాను మీద కేసుకెళ్ళేవాళ్ళ మీద. ఓట్లకొచ్చిన ప్రతి నాయకుణ్ణీ గుమ్మంలో ఆపి ఆ అప్పీలు కాగితం చదివిస్తున్నాడు. అందరూ చదివి "చూద్దాం" అని వెళ్ళిపోతారు. ఆయనా వదలడు. నేను పూర్తిగా ఆయన వైపే.

ఇప్పుడు మా పెద్దప్ప కొడుకు అగ్నివీర్ కి తయారవుతున్నాడు. నాలుగేళ్ళ సర్వీసు, అయ్యాక నూటికి 25 మంది దాకానే ఉంచుకుంటారు, పెన్షన్ లేదు. వైకల్యం వస్తే 50, 75, 100 శాతాల్ని బట్టి 15, 25, 44 లక్షలు ఒక్కసారి ఇస్తారట, అదీ సర్వీసు వల్లే అని తేల్తేనే. అంటే మళ్ళీ అదే బోర్డు, అదే ప్రశ్న. చిన్నాన్న వాణ్ణి వెళ్ళొద్దు అనలేదు. చిన్న దెబ్బైనా సరే అదే రోజు ఇంజురీ రిపోర్ట్ రాయించు, కాపీ ఇంటికి పంపు, సిగ్గుపడకు, ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ నవ్వినా సరే రాయించు అని పొద్దున్నా సాయంత్రం చెప్తున్నాడు.

శ్రీకాకుళం, విజయనగరం వైపు మీ ఇళ్ళల్లో ఇలా బోర్డ్ అవుట్ అయి పెన్షన్ లేకుండా ఉన్నవాళ్ళుంటే, ఎన్నేళ్ళైపోయినా సరే, మెడికల్ బోర్డ్ ప్రొసీడింగ్స్ కాపీ కావాలని ముందు ఆర్టీఐ పెట్టండి. డిశ్చార్జ్ బుక్, పాత రిజెక్ట్ లెటర్లు పడెయ్యకండి, ఆలస్యమైందని మామూలుగా కేసు పోదు, బకాయిలే తగ్గుతాయి. కాగితాలు అర్థం కాకపోతే నాకు రాయండి, చిన్నాన్నకి చూపిస్తాను, ఆయనకిప్పుడు ఈ రూళ్ళన్నీ నోటికొచ్చు. మా కేసు ఇంకా పైకోర్టులోనే ఉంది.