టెంపురా: ఆరో ఆదివారం

రొయ్యలు, కూరగాయలు పిండిలో ముంచి వేయించే జపాన్ వంటకం టెంపురాను ఆదివారాల్లో నేర్చుకుంటున్నాను. ఈ వారం రొయ్య వంకర పోకుండా వచ్చింది. పూత ఇంకా పూర్తిగా కుదరలేదు గానీ, తప్పెక్కడో దొరికింది. నాది బజ్జీలకు అలవాటుపడ్డ చెయ్యి.

శనగపిండిని ఎంత గిలక్కొడితే బజ్జీ అంత గుల్లగా వస్తుందని అమ్మ దగ్గర నేర్చుకున్నాను. టెంపురా పూత గోధుమపిండిది. కలిపినకొద్దీ అందులోని గ్లూటెన్ అనే ప్రోటీన్ సాగి బంకబంకగా అవుతుంది, వేగాక మందంగా ఉండి నూనె కారుతుంది. అందుకే ఇక్కడ జపాన్‌లో ప్రోటీన్ తక్కువుండే హకురికికో అనే పిండి వాడతారు, నీళ్లు బాగా చల్లగా ఉండాలంటారు.

కొలతలు: గుడ్డు ఒకటి గిలక్కొట్టి, ఫ్రిజ్ నీళ్లతో కలిపి మొత్తం 200 మి.లీ. చేశాను. అందులో జల్లించిన పిండి 100 గ్రాములు. చాప్‌స్టిక్స్‌తో పది పన్నెండుసార్లు పొడిచినట్టు కలిపి వదిలేశాను. ఉండలు కళ్లముందే కనిపిస్తుంటే చెయ్యి ఆపడం ఎంత కష్టమో! మొదటి రెండు వాయిలూ పల్చగా, కరకరలాడుతూ వచ్చాయి. మూడోదానికి పొయ్యి పక్కనున్న గిన్నె వెచ్చబడి పూత బరువెక్కింది. ఇకమీదట పిండి రెండు విడతలుగా కలుపుతాను, గిన్నె కింద ఐసు పెడతాను.

రొయ్యకు పొట్టవైపు నాలుగైదు చోట్ల అడ్డంగా గాట్లు పెట్టి, బోర్లించి వేళ్లతో నొక్కాలి. లోపల పుటుక్కుమని తెగినట్టు తెలుస్తుంది. ఇక నూనెలో ముడుచుకోదు. తోక కొస కత్తిరించి, అందులోని నీటిని కత్తి మొనతో గీకేయాలి. పోయినవారం ఆ పని చెయ్యక నూనె చింది మణికట్టు కాలింది. ముంచేముందు పొడిపిండి అద్దితే పూత జారదు.

నూనె వేడి కూరగాయలకు 160 నుంచి 170 డిగ్రీలు, రొయ్యలకు 180. పిండిచుక్క అడుగుదాకా మునిగి తేలితే చిలగడదుంప వెయ్యొచ్చు. సగంలోంచే పైకొస్తే రొయ్యలు. షిసో అనే సువాసన ఆకుకు ఒకవైపే పూత, రంగు కనబడాలి కదా. టోక్యో పద్ధతిలో నువ్వుల నూనె వాడతారు. నేను మామూలు నూనెలో నాలుగో వంతు కలిపాను, వాసన సరిపోయింది.

ఎడో కాలంలో (17-19 శతాబ్దాలు) దీన్ని వీధి బండ్ల దగ్గర పుల్లకు గుచ్చి అమ్మేవారు. ఇంట్లోనూ అందరినీ పొయ్యి దగ్గరకే పిలిచి, వాయి దిగగానే పెట్టాను. పళ్లెంలో ఐదు నిమిషాలుంటే మెత్తబడుతోంది.

ముంచుకునే పులుసు త్సుయుకి దాషి (సముద్రపు నాచు, ఎండుచేపల రసం) నాలుగు పాళ్లు, మిరిన్ (వంటకు వాడే తియ్యటి బియ్యపు మద్యం) ఒకటి, సోయా సాస్ ఒకటి, పైన ముల్లంగి తురుము. వచ్చే ఆదివారం ఉల్లిపాయ, క్యారెట్ తరుగును పూతలో కలిపి పకోడీలా వేయించే కకియాగే.