ఇంక్యుబేటర్‌లో కోడిగుడ్లు పొదిగించాను – నా అనుభవం

ఈ పొద్దున్నే పదిహేడో పిల్ల బయటపడింది. 24 గుడ్లకి 17 పిల్లలు! పోయినసారి ఇదే మెషీన్‌లో 24 పెడితే అయినవి రెండంటే రెండే.

37.5 డిగ్రీలు పెట్టడం, 18వ రోజు దాకా గుడ్లు తిప్పడం, ఏడో రోజు చీకట్లో టార్చ్ వేసి ఎర్రటి నరాలు చూసుకుని మురిసిపోవడం ఎవరైనా చేస్తారు. నేను బోల్తా పడింది నీళ్ల దగ్గర. మెషీన్‌తో వచ్చిన కాగితంలో 'తేమ తగ్గకూడదు' అని ఉంది. ఎంతో రాయలేదు. ఆ కాగితం రాసినవాడు జన్మలో గుడ్డు పొదిగించి ఉండడు. నేను రోజూ ట్రే నిండా నీళ్లు పోశాను. రెండు పిల్లలు వచ్చాయి, మిగతావాటిలో 22వ రోజు కూడా చప్పుడు లేదు. ఒకదాని పెంకు మీద బీట కనిపిస్తే ఆగలేక గోటితో ఒలిచాను. రక్తం కారింది. పొర నరాల్లోని రక్తం ఇంకా పిల్లలోకి చేరలేదని నాకేం తెలుసు? అది బతకలేదు.

మిగతా గుడ్లు పట్టుకుని కోళ్ల పెంపకంలో తలపండిన ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. అక్కడ పదిమంది ఉన్నారు. ఆయన ఒక గుడ్డు పగలగొట్టాడు. నూగుతో సహా తయారైన పిల్ల, జిగురు నీళ్లలో ముద్దయిపోయి ఉంది.

"ఏమయ్యా, గుడ్డులో నీళ్లు తగ్గాలా, అక్కర్లేదా?"

"తగ్గకూడదండీ," అన్నాను ధీమాగా.

అందరూ గొల్లున నవ్వారు. "నువ్వు పొదగలేదయ్యా, ముంచి చంపావు."

ఇంటికొచ్చాక కూడా చెవులు వేడిగానే ఉన్నాయి. కానీ ఆయన చెప్పింది నిజం. పెంకుకి కంటికి ఆనని వేల రంధ్రాలుంటాయి. వాటిగుండా నీరు ఆవిరైపోతేనే గుడ్డు వెడల్పు వైపు గాలి గది పెరుగుతుంది. పిల్ల ముందు ఆ గదిలోకే ముక్కు పొడిచి తొలి ఊపిరి పీలుస్తుంది. నేను పోసిన నీళ్లకి మెషీన్‌లో గాలంతా తడిగా ఉండి గుడ్లలో నీరు ఆవిరవలేదు, అందుకే నా గుడ్లలో ఆ చోటే లేదు.

ఈసారి తూకం కొన్నాను. 60 గ్రాముల గుడ్డు 18వ రోజుకి 53కి దగ్గరగా రావాలి. అప్పటిదాకా తేమ 50 శాతం లోపే ఉంచి, ఆఖరి మూడు రోజులు 65 దాటించాను, లేకపోతే పొర ఎండి పిల్లకి అతుక్కుంటుంది. మెషీన్ మీద కనిపించే అంకెని నమ్మకండి, విడిగా మీటర్ పెట్టుకోండి.

ఖాళీ పెంకుల్లో తెల్లటి ముద్ద కనిపించింది. అది పిల్ల మూత్రం. మనలా నీళ్లతో పోస్తే ఆ చిన్న గుడ్డు చాలదు కాబట్టి యూరిక్ ఆమ్లంగా మార్చి, ఒక సంచిలో పక్కన పెట్టేస్తుందట. 21 రోజుల్లో దానికున్న లెక్క నాకు రెండు బ్యాచ్‌లకి గానీ రాలేదు.

పిల్లలకి ఇంకా మేత పెట్టలేదని ఇంట్లో ఒకటే గోల. పుట్టేముందు పచ్చసొన మొత్తం పొట్టలోకి లాక్కుంటాయి, రెండు రోజులు ఆగినా ఏం కాదు అంటే నమ్మరే! ఇప్పుడు నేనూ ఆ పెద్దాయనలాగే నవ్వుతున్నాను.