కారుకి ఇన్, బస్సుకి ఆన్

మా అక్క కూతురు నిన్న ప్రిపోజిషన్ల వర్క్‌షీట్ ముందేసుకుని, "కారులో అంటే ఇన్ ద కార్, బస్సులో అంటే ఆన్ ద బస్. ఇదేం న్యాయం పిన్నీ?" అంది. అడగాల్సిన ప్రశ్నే. మనకి రెండుచోట్లా 'లో'తో పనైపోతుంది.

లేచి నిలబడి నాలుగడుగులు వేయగలిగే బండికి ఆన్ అని చెప్పా: బస్సు, రైలు, విమానం, ఓడ. ఒంగి దూరి కూర్చునేదైతే ఇన్: కారు, ఆటో. "మరి బైకు?" పైకెక్కి కూర్చుంటాం కాబట్టి ఆన్. (లోపల కూర్చునే బైకు వస్తే అప్పుడు చూద్దాం.)

టైము సంగతి తేలికే. 1947కి ఇన్, ఆగస్టు 15కి ఆన్, అర్ధరాత్రికి ఎట్. కాలం చిన్నదయ్యేకొద్దీ మాట మారుతుంది. కానీ పొద్దునకి ఇన్ ద మార్నింగ్, రాత్రికేమో ఎట్ నైట్! అక్కడ లాజిక్ వెతక్కుండా బట్టీ పట్టడమే నయం.

మా ఆఫీసు మీటింగుల్లో వినిపించే 'డిస్కస్ అబౌట్' గురించి మాత్రం దానికి చెప్పలేదు. డిస్కస్ పక్కన అబౌట్ అక్కర్లేదు. అయినా మన 'గురించి' ఊరుకోదు, వెంటపడి వచ్చేస్తుంది.