సింకు లైన్లోకి వాషింగ్ మెషీన్ నీళ్లు: నా అనుభవం

మియాపూర్‌లో మేం అద్దెకున్న ఫ్లాటు పాతది. కట్టినప్పుడు వాషింగ్ మెషీన్ గురించి ఎవరూ తలచినట్టు లేరు. దానికంటూ కుళాయి లేదు, నీళ్లు పోయే దారీ లేదు. బాల్కనీలో పెట్టి, అక్కడి కన్నంలోకి పైపు వదిలేద్దాం అనుకుంటే అసోసియేషన్ సెక్రటరీ గారు ఒప్పుకోలేదు. మా అపార్ట్‌మెంట్‌లో బాల్కనీ కన్నాలన్నీ వాన నీళ్ల పైపులో కలుస్తాయట, ఆ పైపు తిన్నగా ఇంకుడు గుంతలోకి దిగుతుందట. సర్ఫు నీళ్లు అందులో వదిలితే ఇంకేది మా బోరు చుట్టూ ఉన్న నేలలోకే. వాదించడానికి ఏముంది?

ఇక మిగిలింది వంటింటి సింకు. గట్టు కింద దూర్చేద్దామంటే ఫ్రంట్ లోడ్ మెషీన్ ఎత్తు 85 సెంటీమీటర్లు, మా గ్రానైట్ కింద అంత చోటు లేదు. మీరైనా కొనేముందు టేపు పట్టుకుని కొలుచుకోండి. చివరికి గట్టు అయిపోయే చోట, సింకు పక్కన నిలబెట్టాం. మంచినీళ్ల వైపు పని చిటికెలో అయింది: సింకు కింద ఉన్న యాంగిల్ కాక్ (గోడకుండే చిన్న కుళాయి) తీసి, రెండు మూతులున్నది బిగిస్తే సరిపోయింది. మురుగు వైపే అసలు కథ.

కంపెనీ నుంచి బిగించడానికొచ్చిన అబ్బాయి ఒక్క మాట గట్టిగా చెప్పాడు. నీళ్లు వదిలే పైపు చివర నేల నుంచి 60 సెంటీమీటర్ల కంటే కిందికి దిగకూడదు, 100 దాటకూడదు. మెషీన్‌తో వచ్చిన పుస్తకంలోనూ అదే ఉంది. పైపు లైను తమ పని కాదని చెప్పి, ప్లాస్టిక్ కొక్కెంతో పైపును సింకు అంచుకు తగిలించి వెళ్లిపోయాడు. అలా కూడా నడుస్తుంది, కాదనను. కానీ అంట్లు సింకులో ఉన్నప్పుడు బట్టల మురికి వాటి మీద పడుతుంటే చూడలేం. జాలీ మీద ఒక కంచం బోర్లా పడిందా, వంటిల్లు చెరువే. పైగా పంపు తోసే జోరుకి ఆ కొక్కెం ఎప్పుడు ఊడుతుందో అని కాపలా కూర్చోవాలి.

ప్లంబర్‌ని పిలిచాం. సింకు కింద చూస్తే, వేస్ట్ కప్లింగ్ (సింకు కన్నానికి బిగించే మూతి) నుంచి ముడతల పైపు ఒకటి దిగి, నేలలోంచి పొడుచుకొచ్చిన రెండంగుళాల పైపులో దూరి ఉంది. మధ్యలో ట్రాప్ లేదు, అంటే వాసన పైకి రాకుండా కాస్త నీళ్లు నిలిపి ఉంచే భాగం. సందులో పాత గుడ్డ కుక్కి ఉంది. ఆయన ఒకసారి తొంగి చూసి, "దీంట్లనే మెషీన్ పైపు గూడ పెట్టి ఎంసీల్ కొడ్తనన్నా, పదేండ్లు కదలది" అన్నాడు. నాకు మనసొప్పలేదు. పైపు చివర నేలకు ఆనేలా ఉండి, చుట్టూ గాలాడకుండా మూసేస్తే, డ్రమ్ములోంచి కిరోసిన్ పైపుతో లాగినట్టు మెషీన్‌లో నీళ్లు వాటంతటవే జారిపోతాయి. అటు నింపుతుంటే ఇటు పోతుంటాయి, మెషీన్ ఎంతకీ నిండదు, చివరికి ఎర్రర్ చూపించి ఆగుతుంది. ఈ మాటే చెప్పి ఇంకో పద్ధతి అడిగాను. కాసేపు గొణిగినా ఒప్పుకున్నాడు. పని మాత్రం శుభ్రంగా చేశాడు, ఆ మాట చెప్పాలి.

ముందు నేలలోని పైపులోకి స్ప్రింగు వేసి తిప్పాడు. లోపలి నుంచి వచ్చిన తెల్లటి జిడ్డు గురించి ఎక్కువ చెప్పను, భోజనాల వేళ చదివేవాళ్లు ఉంటారు. కానీ ఈ పని మానకూడదు. చెయ్యి కడుక్కున్న నీళ్లు సగం మూసుకున్న పైపులోంచి కూడా పోతాయి. మెషీన్ పంపు అలా కాదు, ఒక్క ఉదుటున తోసేస్తుంది. దారి ఇరుకైతే ఆ నీళ్లు సింకులోంచే పైకి తన్నుతాయి.

తర్వాత ఆ రెండంగుళాల పైపును హాక్సా బ్లేడుతో సమంగా కోసి, మీద ఒక వై పీసు అతికించాడు. ఒక కొమ్మకు సింకు, మధ్యలో బాటిల్ ట్రాప్‌తో. ఇంకో కొమ్మకు కింద పీ ట్రాప్, దాని మీద నిలువుగా ఇంకో రెండంగుళాల పైపు. దాని పై మూతి నేల నుంచి 75 సెంటీమీటర్ల దగ్గర తెరిచే ఉంచి, పైపును గోడకు క్లాంపులతో పట్టించాడు. మెషీన్ పైపు అందులోకి కొద్దిగా దిగుతుంది, అంతే. చుట్టూ ఖాళీ ఉంది, ఆ ఖాళీలోంచే గాలి ఆడాలి. ఊడి రాకుండా ట్యాగ్‌తో కట్టాం. గోడకు కన్నం కొట్టొద్దన్న ఓనర్ ఆంటీ మాట కూడా చెల్లింది, క్లాంపుల స్క్రూలు తప్ప.

అతుకులు ఆరాక, మెషీన్ పెట్టకముందే నిలువు పైపులో ఒక బకెట్ నీళ్లు గబగబా పోయించాను. పొంగలేదు, అతుకుల దగ్గర చెమ్మ లేదు. కానీ సింకులోంచి గుడగుడమని చప్పుడు. "గదంతే ఉంటదన్నా" అన్నాడు ప్లంబర్. బట్టలు ఉతికిన రోజు సాయంత్రానికల్లా సింకులోంచి మురుగు వాసన మొదలైంది. నీళ్లు ఒక్కసారిగా కిందికి దిగుతూ వెనక నుంచి గాలిని లాగుతాయి. ఆ గాలి ఇంకెక్కడా దొరక్కపోతే బాటిల్ ట్రాప్‌లో నిలిచిన నీళ్లనే పీల్చేస్తాయి. ఆ కాస్త నీళ్లే కదా వాసనకు అడ్డం! మరి గాలి రావాల్సింది డాబా మీద నుంచి. వాచ్‌మన్‌తో కలిసి పైకెళ్లి చూస్తే మా వంటింటి లైను పైపు మూతి మీద పావురాలు పుల్లలు పేర్చి కాపురం పెట్టాయి. గుడ్లు లేవు కాబట్టి బతికిపోయాం. గూడు తీసి, జాలీ ఉన్న మూత పెట్టించాం. గుడగుడ తగ్గింది, వాసన మళ్లీ రాలేదు.

సామాను, కూలీ కలిపి 2 వేల లోపే అయింది. వంటింటి జిడ్డుకి బట్టల పీచు తోడైతే పైపులో గడ్డ కడుతుంది. అందుకని మెషీన్ అడుగున ఉన్న ఫిల్టర్ నెలకోసారి విప్పి కడుగుతున్నాను, మూకుడు నూనె సింకులో పొయ్యడం ఇంట్లో అందరం మానేశాం. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు నిలువు పైపు తీసేసి ఎండ్ క్యాప్ బిగిస్తానని ఆంటీకి చెప్పాను. "తీయకు బాబూ, అలాగే ఉండనీ, వచ్చేవాళ్లకూ మెషీన్ ఉంటుందిగా" అన్నారావిడ.